కవరు వీడిన ఉత్తరం: తెలుగు లేఖల పరిష్కరణలో తపాలా ఆధారాలు (ఏలూరు – చింతలపూడి ప్రాంత పరిశీలన)

ఉపోద్ఘాతం

తెలుగులో లేఖాసాహిత్యంపై వచ్చిన విమర్శ ఎక్కువగా లేఖకుడి వ్యక్తిత్వం చుట్టూ తిరిగింది. ఉత్తరంలో రచయిత మనసు విప్పి మాట్లాడతాడనీ, అక్కడ దొరికే ఆత్మీయత మరే ప్రక్రియలోనూ దొరకదనీ చెప్పడంతో ఆ విమర్శ ఆగిపోతూ వచ్చింది. ఆ మాట సత్యమే. కాని ఉత్తరం కాగితం మీది రాత మాత్రమే కాదు. ఒక ఊరిలో బయలుదేరి, కొన్ని చేతులు మారి, మరొక ఊరిలో ఒక గుమ్మం చేరిన వస్తువు అది. ఆ ప్రయాణం ఉత్తరం మీద మూడు జాడలు వదులుతుంది: చిరునామా, తపాలా బిళ్ళ, పోస్టు ముద్ర. ఈ మూడూ సాధారణంగా కవరు మీద ఉంటాయి. కాలనిర్ణయానికీ స్థలనిర్ణయానికీ పనికివచ్చే ఆధారం కవరు మీద ఉండగా, సాహిత్య పరిశోధకుడి దృష్టి లోపలి కాగితం మీదనే నిలిచింది.

మరొక వైపు తపాలా బిళ్ళలూ ముద్రలూ సేకరించేవారున్నారు. వారికి కవరు ముఖ్యం, లోపలి కాగితం అదనం. బిళ్ళ కోసం కవరు మూల కత్తిరించడం ఒకప్పుడు సర్వసాధారణం. ఇప్పుడు కవరును నిండుగా దాచే పద్ధతి వచ్చినా, లోపలి ఉత్తరం చదవగల తెలుగు పాఠకుడి చేతికి ఆ కవరు అరుదుగా చేరుతుంది. ఇలా ఒకే ఉత్తరం రెండు సేకరణలుగా చీలిపోతున్నది. ఒకరి దగ్గర తేదీ తెలియని పాఠం, మరొకరి దగ్గర పాఠం లేని తేదీ మిగులుతున్నాయి. ఈ చీలిక వల్ల తెలుగు లేఖల పరిష్కరణకు కలిగే నష్టాన్ని నిరూపించి, కవరును పాఠంలో భాగంగా గుర్తించే పద్ధతిని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రసిద్ధమైన కొన్ని ముద్రిత లేఖాసంపుటాలు, ఏలూరు, చింతలపూడి, కొల్లేటి పరిసరాల పరిపాలనా చరిత్ర ఇందుకు ఆధారాలు.

జాబు, ఉత్తరం: పేరులోనే జవాబు

తెలుగువారు నిత్యవ్యవహారంలో వాడే మాటలు రెండు: జాబు, ఉత్తరం. మొదటిది అరబ్బీ మూలమైన ‘జవాబ్’ నుంచి పారసీ, హిందుస్తానీల మీదుగా వచ్చింది. రెండవది సంస్కృతం. రెండింటికీ మూలార్థం ‘బదులు’ అనే. భిన్న మార్గాల్లో వచ్చిన రెండు మాటలు ఒకే అర్థం నుంచి బయలుదేరి ఒకే వస్తువుకు పేర్లుగా స్థిరపడటం గమనించదగినది. తెలుగు వాడుకలో ఉత్తరం రాయడమంటే బదులు పలకడమే. దానికి ముందు మరొక ఉత్తరమో, ఒక కబురో, ఒక నిరీక్షణో ఉన్నట్టే.

దీని నుంచి పరిష్కరణకు ఒక సూత్రం వస్తుంది. విడి ఉత్తరం సంభాషణలో సగం మాత్రమే. ఏ ఉత్తరానికి ఏది బదులో తేలితే తప్ప ఆ సగానికి అర్థం పూర్తికాదు. అది తేలడానికి తేదీ కావాలి. తెలుగు ఉత్తరాల్లో తేదీ వేయడం అందరికీ అలవాటు కాదు. తిథి, వారం మాత్రమే వేసి సంవత్సరం వదిలినవీ, ‘ఈ రోజు సాయంత్రం’ అని మాత్రమే రాసినవీ పాత కట్టల్లో కనిపిస్తూనే ఉంటాయి. అటువంటి చోట పోస్టు ముద్ర ఒక్కటే సాక్షి. అది పోతే పరిష్కర్త అంతర్గత సూచనల మీద ఊహించవలసిందే.

ఏలూరు నుంచి మెకంజీ దాకా, బ్రౌన్ దాకా

ఏలూరు ప్రాంతానికి లేఖాచరిత్రలో ఉన్న స్థానం తక్కువది కాదు. కల్నల్ కాలిన్ మెకంజీకి స్థానిక చరిత్రల సేకరణలో కుడిభుజంగా నిలిచిన కావలి వెంకట బొర్రయ్య (1776–1803) ఏలూరువాడు. ఆయన తరువాత ఆ బాధ్యత తమ్ముడు లక్ష్మయ్య స్వీకరించాడు. మరొక సోదరుడు వెంకట రామస్వామి దక్కను కవుల జీవితాలను ఆంగ్లంలో రాసి 1829లో కలకత్తాలో ప్రచురించాడు. మెకంజీ సేకరణ అనగానే కైఫియ్యతులు గుర్తుకువస్తాయి. కాని ఊరూరా తిరిగిన సహాయకులు పంపిన ఉత్తరాలు, నివేదికలు కూడా ఆ సేకరణలో ఒక ప్రత్యేక విభాగం. కైఫియ్యతు ఊరి చరిత్ర చెబుతుంది; దాన్ని ఎవరు, ఏ కష్టం మీద, ఎవరిని ఒప్పించి సేకరించారో చెప్పేది నివేదిక రూపంలోని ఉత్తరం. కైఫియ్యతుల మీద తెలుగు పరిశోధన విస్తారంగా సాగింది. వాటిని తెచ్చిపెట్టిన ఉత్తరాల మీద సాగినది స్వల్పం.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ విషయంలో ఈ సంబంధం మరింత స్పష్టం. నిఘంటుకర్తగా, వేమన పద్యాల సంపాదకుడిగా, కావ్యాల పరిష్కర్తగా బ్రౌన్‌ను తెలుగువారు ఎరుగుదురు. 1840లలో ఆయన మద్రాసులో పోస్టుమాస్టర్ జనరల్ పదవి నిర్వహించిన సంగతికి అంత ప్రాచుర్యం లేదు. 1852లో ఆయన వెలువరించిన ‘తెలుగు రీడర్’ కావ్యఖండాల సంకలనం కాదు. సొంత విషయాలు, వ్యవహారం, పోలీసు, రెవెన్యూ సంగతులు ఉన్న ఉత్తరాల వరుస. భాష నేర్చుకునే దొరలకు ప్రబంధం కన్నా జాబు ముందు చదవడం రావాలని ఆయన భావించినట్టు ఈ ఎంపికే చెబుతుంది. వ్యావహారిక భాషావాదానికి పునాదులు వెతికేటప్పుడు గిడుగు, గురజాడల వాదాలతోపాటు ఈ జాబుల వచనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది. పండితుల వాదప్రతివాదాలకు అరవై ఏళ్ల ముందే జనం ఏ వచనంలో బతుకుతున్నారో అవి చూపుతాయి.

అయినా బ్రౌన్ సంకలనంలో జాబు భాషాపాఠంగానే నిలిచింది. అభ్యాసకుడికి కావలసినది వాక్యం, పలుకుబడి, పారిభాషిక పదం. ఆ ప్రయోజనానికి జాబు ప్రయాణంతో పనిలేదు. తపాలాశాఖకు అధిపతి అయిన పండితుడి సంకలనంలోనూ జాబు తన తపాలా జాడను పోగొట్టుకున్నదంటే, పాఠాన్ని వస్తువు నుంచి విడదీసే అలవాటు ఎంత పాతదో తెలుస్తుంది. తరువాతి కాలంలో బంగోరె బ్రౌన్ కడప జాబులను సంకలించి, వాటిలో స్థానిక చరిత్ర శకలాలను వెదికి చూపాడు. జాబును రచయిత జీవితచరిత్రకు అనుబంధంగా కాక, ఒక ప్రాంతపు చరిత్రకు మూలంగా చదవవచ్చునని నిరూపించడం బంగోరె చేసిన ముఖ్యమైన పని. ఏలూరు ప్రాంతానికి అటువంటి సంకలనం అవసరం ఇంకా మిగిలే ఉంది.

ప్రయాణించిన లేఖ, ప్రయాణించని లేఖ

తెలుగులో లేఖలుగా ప్రసిద్ధి పొందిన గ్రంథాలన్నీ ఒకే జాతివి కావు. తపాలా దృష్టితో చూస్తే వాటి మధ్య భేదం తేటపడుతుంది.

ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన యాత్రా విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపుతూ వచ్చాడు. అవి ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయ్యాయి. అచ్చులో అది ప్రకరణాలుగా సాగే యాత్రాగ్రంథం. ఏ మజిలీలో ఏ భాగం ముగించి పంపాడో, అది చెన్నపట్నం ఎప్పుడు చేరిందో తెలిపే కీళ్లు ప్రకరణ విభజనలో కలిసిపోయాయి. ఫలితంగా విమర్శకులు దీనిని తొలి తెలుగు యాత్రాచరిత్రల వరుసలో చేర్చినంత సులభంగా లేఖల వరుసలో చేర్చలేకపోయారు.

గురజాడ లేఖలది వేరొక సమస్య. వాటిలో పెద్ద భాగం ఆంగ్లంలో రాసినవి. విస్తృత తెలుగు పాఠకలోకానికి అవి చాలాకాలం అనువాదంలోనే పరిచయం. అనువాదం భావాన్ని అందిస్తుంది, భాషను ఎంచుకున్న సంగతిని మరుగుపరుస్తుంది. వాడుకభాష కోసం పోరాడిన రచయిత సాటి తెలుగు మిత్రుడికి ఆంగ్లంలో ఉత్తరం రాయడం ఆనాటి విద్యావంతుల సాంస్కృతిక స్థితికి ప్రబలమైన సాక్ష్యం. తెలుగు అనువాదం మాత్రమే చదివే పరిశోధకుడు ఆ ఉత్తరాల వాక్యనిర్మాణాన్ని గురజాడ వచనశైలికి ఉదాహరణగా తీసుకునే ప్రమాదం ఉంది. మూలం ఏ భాషలోదో, చిరునామా ఏ లిపిలో ఉందో ప్రతి లేఖకూ సూచించడం పరిష్కర్త కనీస బాధ్యత.

సూరి నాగమ్మ 1945 నుంచి తిరువణ్ణామలై రమణాశ్రమ విశేషాలను అన్నగారికి ఉత్తరాలుగా రాసింది. అక్కడ చిరునామా నిజం, ప్రయాణం నిజం. తోబుట్టువుకు చెప్పే చనువే ఆ వచనానికి బలం. చలం ‘ప్రేమలేఖలు’ ఇందుకు భిన్నం. అవి సాహిత్యరూపంగా తీర్చినవి. చింతా దీక్షితులుకు చలం రాసిన ఉత్తరాలు మళ్లీ నిజమైన ఉత్తరాలే. ఒకే రచయిత రెండు రకాలూ రాసినప్పుడు, రెండింటినీ కలిపి ‘చలం ఉత్తరాల శైలి’ అని వ్యాఖ్యానించడం సమంజసం కాదు. గోపీచంద్ ‘పోస్టు చేయని ఉత్తరాలు’ అని పేరు పెట్టడంలో ఈ విచక్షణ ఉంది. పోస్టు చేయడం, చేయకపోవడం ఉత్తరం స్వభావాన్నే మారుస్తుందని ఆ శీర్షిక అంగీకరిస్తున్నది.

కాబట్టి లేఖాసాహిత్యాన్ని ప్రయాణించిన లేఖలు, ప్రయాణించని లేఖలు అని విభజించుకోవచ్చు. మొదటి దానిలో చదువరి ఒక నిర్దిష్ట వ్యక్తి. రచయిత ఏది చెప్పకుండా వదిలాడో ఆ వ్యక్తికి ముందే తెలుసు. రెండవ దానిలో చదువరి ఊహాజనితం. చెప్పవలసినదంతా పాఠంలోనే ఉండాలి. మొదటి దానిలోని ఖాళీని శిల్పంగా, రెండవ దానిలోని నిండుతనాన్ని నిజాయితీగా పొగడటం విమర్శలో తరచు జరిగే పొరపాటు.

చింతలపూడి చిరునామా

ఒక ఊరి పేరు చిరునామాలో ఎలా కనిపిస్తుందన్నది కాలనిర్ణయానికి ఎంతవరకు తోడ్పడుతుందో చూడటానికి చింతలపూడి ప్రాంతం అనువైనది. ఏలూరుకు ఉత్తరాన మెట్టలో ఉన్న ఈ ఊరి మీద రైలు మార్గం లేదు. మద్రాసు – కలకత్తా రైలు మార్గం ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోతుంది. మెట్ట పల్లెల ఉత్తరం రైలు అందుకోవాలంటే ముందు రోడ్డు దారిన దిగిరావలసిందే. ఇదే పేరుగల ఊళ్లు ఆంధ్రదేశంలో ఇంకా ఉండటంతో ‘వయా ఏలూరు’ వంటి దారి సూచనకు ప్రాధాన్యం ఉంది. సంకలనాల్లో ఊరి పేరు మాత్రం మిగిల్చి ‘వయా’ను తొలగిస్తే ఏ చింతలపూడో తెలియదు.

జిల్లా పేరు ఇంతకన్నా ముఖ్యమైనది. 1859 పునర్వ్యవస్థీకరణతో గోదావరి, కృష్ణా జిల్లాలు ఏర్పడినప్పుడు ఏలూరు ప్రాంతం గోదావరి జిల్లాలో ఉంది. 1904లో ఏలూరు, యర్నగూడెం, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలు కృష్ణా జిల్లాకు మారాయి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా వచ్చింది. ఒకే గుమ్మానికి వచ్చిన ఉత్తరాల మీద నాలుగు తరాల్లో నాలుగు జిల్లాల పేర్లు ఉండవచ్చునన్నమాట. ఈ ఆధారాన్ని జాగ్రత్తగా వాడాలి. ‘పశ్చిమ గోదావరి జిల్లా’ అని ఉన్న చిరునామా 1925కు ముందుది కాజాలదు. కాని ‘కృష్ణా జిల్లా’ అని ఉన్నంత మాత్రాన 1925కు ముందుదని నిర్ణయించలేము. అలవాటైన పేరును జనం ఏళ్ల తరబడి రాస్తూనే ఉంటారు. కొత్త పేరు తొలి హద్దును నిర్ణయిస్తుంది, పాత పేరు తుది హద్దును నిర్ణయించదు. తుది హద్దు చెప్పగలిగేది ముద్ర ఒక్కటే.

1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన పిన్‌కోడుకూ ఇదే నియమం వర్తిస్తుంది. ఏలూరు 534001, తాడేపల్లిగూడెం 534101, చింతలపూడి 534460. పిన్ ఉన్న ఉత్తరం ఆ తేదీ తరువాతిది. లేనిది ముందుదే కానక్కరలేదు. కొల్లేటికి అవతలి ఒడ్డున ఉన్న కైకలూరు పిన్ 521333. 2022 తరువాత కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చినా, పిన్ మాత్రం అది కృష్ణా జిల్లాలో ఉన్న కాలాన్ని గుర్తుచేస్తున్నది. పరిపాలన మారినంత వేగంగా తపాలా మారదు. అందుకే తపాలా సంఖ్యల్లో పాత భూగోళం నిలిచి ఉంటుంది.

చింతలపూడికి మరొక విశేషం సరిహద్దు. ఉత్తరాన, వాయవ్యాన సత్తుపల్లి వైపు పల్లెలు నిజాం రాజ్యంలో ఉండేవి. హైదరాబాదు సంస్థానానికి 1869 నుంచి సొంత తపాలా బిళ్ళలున్నాయి. ఆంగ్లం, పారసీ లిపులతోపాటు తెలుగు, మరాఠీల్లోనూ వెలను ముద్రించిన బిళ్ళలవి. బ్రిటిషు ఇండియా బిళ్ళ మీద తెలుగు కనిపించని రోజుల్లో నిజాం బిళ్ళ మీద తెలుగు అక్షరం ఉండటం భాషాచరిత్రకారులు గుర్తుంచుకోవలసిన సంగతి. అయితే ఆ బిళ్ళ చెల్లుబాటు సంస్థానం లోపలే. సత్తుపల్లి వైపు ఇచ్చిన ఆడపిల్లకు చింతలపూడి పుట్టింటి నుంచి ఉత్తరం పోవాలంటే అది కొద్ది మైళ్ల దూరంలో ఒక రాజ్యం నుంచి మరొక రాజ్యానికి పోయినట్టే. 1950 ఏప్రిల్ 1తో సంస్థానపు బిళ్ళల కాలం ముగిసింది. 1956లో రాష్ట్ర సరిహద్దు తొలగి, 2014లో మళ్లీ వచ్చింది. ఈ చరిత్రను పాలకుల ఉత్తర్వుల్లో చదవవచ్చు. బంధుత్వాలు దాన్ని ఎలా దాటాయో తెలియాలంటే మాత్రం కవర్లే చూడాలి.

తీగకు గుచ్చిన చరిత్ర

ఏది నిలిచింది, ఏది పోయింది అన్న ప్రశ్న లేకుండా ఏ సేకరణనూ చదవలేము. తెలుగు ఇళ్లలో ఉత్తరాలను కొస వంచిన ఇనుప తీగకు గుచ్చి వసారాలో వేలాడదీసేవారు. అడుగున పాతది, పైన కొత్తది. ఆ తీగ ఒక సహజమైన కాలక్రమసూచి. కాగితం నడుమ ఉన్న రంధ్రాన్ని చినుగుగా కాక, ఆ ఉత్తరం ఒక వరుసలో ఉండేదనడానికి గుర్తుగా చూడాలి. కట్ట విప్పి మంచివి ఏరుకున్న మరుక్షణం ఆ వరుస నశిస్తుంది.

తీగకు ఎక్కనివీ ఉన్నాయి. మరణవార్త తెచ్చిన కార్డును చదివిన వెంటనే చింపివేయడం, ఇంట్లో ఉంచకపోవడం చాలా కుటుంబాల్లో ఆచారం. శుభలేఖ పసుపు మూలలతో దాగింది, చావుకబురు దాగలేదు. అందుచేత ఇంటి కట్టల ఆధారంగా రాసే కుటుంబచరిత్రలో పెళ్లిళ్లు ఎక్కువ, మరణాలు తక్కువ. ఇది జీవితం తీరు కాదు, సేకరణ తీరు. ఈ లోపాన్ని ముందే లెక్కకట్టని సామాజిక వ్యాఖ్యానం తప్పుదారి పడుతుంది.

రాసిన చేయి, పలికిన నోరు ఒకటే కాకపోవడం మరొక చిక్కు. చదువురాని వారి ఉత్తరాలు పంతులో, పోస్టుమానో, ఇంటి పక్క బడిపిల్లవాడో రాసిపెట్టేవారు. ‘ఉభయకుశలోపరి’ అన్న ఎత్తుగడ రాసేవాడిది కావచ్చు. ‘గేదె ఈనింది, మీ అయ్యకు చెప్పండి’ అన్న వాక్యం చెప్పిన ఇల్లాలిది కావచ్చు. ఒకే ఉత్తరంలో లాంఛనభాష, ఇంటిభాష పక్కపక్కన నిలవడానికి కారణం ఇదే. స్త్రీల వచనం తొలి దశను ముద్రిత పత్రికల్లోనే వెతికే పరిశోధన, పరుల దస్తూరీలో దాగిన ఈ గొంతును ఇంకా తగినంతగా వినలేదు.

1879 జూలై 1న కాలణా వెలతో వచ్చిన పోస్టుకార్డు ఈ చర్చలో ప్రత్యేకంగా నిలుస్తుంది. చిరునామా, బిళ్ళ, ముద్ర, పాఠం అన్నీ ఒకే అట్ట మీద ఉంటాయి కనుక దానిని చీల్చడం ఎవరికీ సాధ్యం కాదు. అది అందరూ చదవగల ఉత్తరం కూడా. చోటు తక్కువ, దాపరికం లేదు. వాక్యం కుదించక తప్పదు, గుట్టును సూచనగా చెప్పక తప్పదు. పొట్టి వాక్యాల వాడుక వచనం పెరగడంలో పత్రికలతోపాటు కాలణా కార్డు పాత్ర ఎంత అన్నది పరిశీలనకు యోగ్యమైన ప్రతిపాదన. దాన్ని తేల్చాలంటే పేరున్న రచయితల కార్డులు చాలవు, పేరులేని వేల కార్డులు కావాలి.

ముద్ర సాక్ష్యానికి హద్దులు

తపాలా ఆధారం సర్వసమర్థమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ముద్ర మీది తేదీ ఉత్తరం తపాలాలో పడిన తేదీ. రాసిన తేదీ కాదు. పల్లెలో రాసి, సంతకు పోయేవారి చేతికిచ్చి ఏలూరులో వేయించిన ఉత్తరం మీద ఏలూరు ముద్రే ఉంటుంది. తొలినాళ్ల బిళ్ళల మీద ఊరి పేరుకు బదులు కార్యాలయపు సంఖ్యతో కొట్టిన ముద్రలున్నాయి. పట్టిక లేనిదే అవి పలకవు. ఒక ఉత్తరం మరొక కవరులోకి చేరడం కుటుంబాల్లో మామూలే. అరుదైన ముద్రకు అంగట్లో వెల పెరిగినప్పుడు నకిలీలు పుడతాయి. అందుచేత ముద్ర, చిరునామా, కాగితం, దస్తూరీ, లోపలి సూచనలు పరస్పరం సమర్థించుకున్నప్పుడే నిర్ణయానికి రావాలి. అవి విభేదించినప్పుడు ఆ విభేదాన్ని పాఠకుడికి చూపాలి.

ఈ పరిశీలన నుంచి తెలుగు లేఖల పరిష్కరణకు ఐదు నియమాలు తేలుతున్నాయి. ఒకటి, చిరునామాను దారి సూచనతో సహా యథాతథంగా ముద్రించాలి. రెండు, బయలుదేరిన ముద్ర, చేరిన ముద్ర రెండింటినీ విడివిడిగా నమోదు చేయాలి. మూడు, మూలభాషను, లిపిని, దస్తూరీ ఎవరిదన్న దానిని పేర్కొనాలి. నాలుగు, కట్ట దొరికిన వరుసను విప్పకముందే ఛాయాచిత్రంగా భద్రపరచాలి. ఐదు, పరిష్కర్త ఊహించిన తేదీని ముద్రలో ఉన్న తేదీ నుంచి గుర్తుతో వేరుచేయాలి.

ముగింపు

న్యాయపరంగా కూడా ఉత్తరం చీలిన వస్తువే. కాగితం అందుకున్నవారిది, ప్రచురణ హక్కు రాసినవారిది. కాబట్టి కొన్న కట్టను అచ్చువేసే ముందు రాసినవారి వారసుల సమ్మతి అవసరం. డెబ్బై ఐదేళ్లు దాటి, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులను 1972 నాటి పురావస్తు చట్టం తన పరిధిలోకి తీసుకున్నది. చట్టం వస్తువు దేశం దాటకుండా ఆపగలదు. పాతకాగితాల బస్తాలోకి పోకుండా ఆపలేదు.

ఏలూరు మెట్టలోనూ కొల్లేటి లంకల్లోనూ పాత పెంకుటిళ్లు కూలి కొత్త ఇళ్లు లేస్తున్నాయి. తీగకు గుచ్చిన కట్ట ఆ మార్పును తట్టుకోదు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తాళపత్రాల కోసం ఒకప్పుడు ఊరూరా తిరిగాయి. ఆ పద్ధతిలోనే ఉత్తరాల కట్టలను కవర్లతో సహా సేకరించి, తపాలా చరిత్ర తెలిసిన సేకర్తలతో కలిసి సూచికలు తయారుచేయించవలసిన అవసరం ఉంది. సేకర్తకు ముద్ర చదవడం వచ్చు, పరిశోధకుడికి తెలుగు దస్తూరీ చదవడం వచ్చు. ఈ రెండు విద్యలూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తప్ప చింతలపూడి ఉత్తరం పూర్తిగా చదివినట్టు కాదు. బ్రౌన్ 1852లో జాబును తెలుగు చదువుకు తొలి పాఠంగా పెట్టాడు. ఆ పాఠానికి కవరును తిరిగి చేర్చడం మిగిలిన పని.